ఐపాడ్ 30 పిన్నుల బ్రేకౌట్ బోర్డు: కలపవలసినవి పదకొండు పిన్నులే, అవి కూడా కొలిచిన తరువాతే

మీరు అడిగిన విషయాన్ని ముందు ఒకచోట పెట్టుకుందాం. మీ దగ్గర అయిదో తరం ఐపాడ్, అంటే 2005 అక్టోబరులో ఆపిల్ విడుదల చేసిన వీడియో ఐపాడ్ ఉంది. దాని అడుగున ఉన్న 30 పిన్నుల కనెక్టరు కోసం ఆన్‌లైన్‌లో ఒక బ్రేకౌట్ బోర్డు కొన్నారు. లైన్ అవుట్‌ను, అంటే హెడ్‌ఫోన్ రంధ్రంతో పని లేకుండా కనెక్టరు నుంచే వచ్చే ఆడియో సంకేతాన్ని, ఇంట్లోని స్టీరియో యాంప్లిఫయరుకు ఇచ్చి, ఐపాడ్‌ను ఎప్పుడూ చార్జింగులోనే ఉంచి, పాటలు మార్చడానికి ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో కొన్ని బటన్లు పెట్టుకోవాలన్నది మీ ఆలోచన. ఫోను చార్జరు పెడితే ఐపాడ్ చార్జి కావడం లేదని, కంప్యూటరుకు కలిపితే చార్జి అవుతున్నా స్పీకర్లలో హమ్ (పాట వెనుక ఆగకుండా వినిపించే గుయ్‌మనే రొద) వస్తోందని, ఆర్డుయినో పంపే ఆదేశాలకు ఐపాడ్ స్పందించడం లేదని రాశారు.

ఈ మూడు చిక్కులూ వేర్వేరుగా కనిపిస్తున్నా, మూడింటిలోనూ ముందుగా తేల్చుకోవలసినది ఒకటే: బోర్డు మీద అచ్చువేసిన అంకె నిజంగా ఆ పిన్నుకే వెళ్తోందా, లేదా. బ్రేకౌట్ బోర్డులో తెలివితేటలేమీ ఉండవు. అర మిల్లీమీటరు ఎడంతో ఉన్న పిన్నులను చేతికి అందేలా 2.54 మిల్లీమీటర్ల ఎడానికి విడదీయడం తప్ప అది చేసే పని ఇంకేదీ లేదు. ఏ పిన్ను దేనికన్నది ఆపిల్ బహిరంగంగా ప్రకటించలేదు. ఆ పత్రాలు లైసెన్సు తీసుకున్న తయారీదారులకే అందాయి. మనకు తెలిసినదంతా ఔత్సాహికులు కొలిచి, విప్పి, పోల్చి రాసుకున్నదే. ఆ పట్టిక మొత్తం మీద నమ్మదగినదే గానీ, దాన్ని చూసి బోర్డు గీసినవారు ప్లగ్గు వైపు నుంచి చూశారా, సాకెట్టు వైపు నుంచి చూశారా అన్నచోట తరచూ పొరపాటు జరుగుతుంది. ఒకవైపు నుంచి ఒకటో పిన్నుగా కనిపించేది రెండోవైపు నుంచి ముప్ఫయ్యోది అవుతుంది.

చాలామంది దీన్ని గ్రౌండు పిన్నులతో, అంటే కరెంటు తిరిగి వెళ్ళే పిన్నులతో, సరిచూసుకుంటారు. 1, 2, 15, 16, 29, 30 పిన్నుల మధ్య మల్టీమీటరు కంటిన్యూటీ పరీక్షలో (రెండు చోట్లూ కలిసి ఉంటేనే మోగేది) బీప్ అంటే బోర్డు సరిగ్గా ఉన్నట్టేనని తీర్మానించుకుంటారు. ఈ పరీక్ష మోసం చేస్తుంది. ఆ ఆరు అంకెలను తలకిందులు చేసి చూడండి: ఒకటి ముప్ఫై అవుతుంది, రెండు ఇరవై తొమ్మిది అవుతుంది, పదిహేను పదహారవుతుంది. మళ్ళీ అవే ఆరు పిన్నులు వస్తాయి. అంటే బోర్డు పూర్తిగా అద్దంలో బొమ్మలా తిరగబడి ఉన్నా గ్రౌండు పరీక్షలో నెగ్గుతుంది. ఆ ధైర్యంతో 23వ పిన్ననుకుని 5 వోల్టులు ఇస్తే అవి వెళ్ళేది 8వ పిన్నుకు, అంటే వీడియో అవుట్‌పుట్‌కు. ఆ తరువాత ఏమి మిగులుతుందో చెప్పనక్కరలేదు.

సరైన పరీక్ష మీ బోర్డు రకాన్ని బట్టి ఉంటుంది. బోర్డుకు ఆడ సాకెట్టు కూడా ఉంటే, అంటే ఐపాడ్‌కూ కేబులుకూ మధ్యలో కూర్చునే రకమైతే, పని చాలా తేలిక. ఐపాడ్‌ను పక్కన పెట్టి, ఆపిల్ యూఎస్‌బీ కేబులును ఆ సాకెట్టులో గుచ్చి, కేబులు రెండో చివరన ఉన్న యూఎస్‌బీ ప్లగ్గులోని 5 వోల్టుల పట్టీకి మల్టీమీటరు ఒక ముల్లు ఆనించి, రెండో ముల్లుతో బోర్డు హెడరు పిన్నులను, అంటే తీగలు తగిలించే పెద్ద పిన్నులను, వరుసగా తాకండి. 23 దగ్గర బీప్ రావాలి. 8 దగ్గర వస్తే బోర్డు అంకెలు తిరగబడ్డాయని అర్థం. అలాంటప్పుడు బోర్డును పారేయనక్కరలేదు, ప్రతి అంకెనూ 31లో నుంచి తీసివేసి కొత్త అంకెను స్టిక్కరు మీద రాసి అంటించుకుంటే చాలు. అదే కేబులుతో డేటా పిన్నులను కూడా చూసుకోవచ్చు: డి మైనస్ 25 దగ్గర, డి ప్లస్ 27 దగ్గర పలకాలి.

మీ బోర్డుకు మగ ప్లగ్గు మాత్రమే ఉంటే కేబులుతో పోల్చే వీలు ఉండదు. అప్పుడు బయటి నుంచి ఏ కరెంటూ ఇవ్వకుండా, ఐపాడ్‌ను దాని బ్యాటరీతోనే నడిపించి ఒక పాట పెట్టండి. 2వ పిన్ను ఆడియో గ్రౌండు, 3 కుడి చానల్, 4 ఎడమ చానల్. ఒక చవక బ్యాటరీ స్పీకరు ఆక్స్ వైరును, మధ్యలో 1 మైక్రోఫ్యారడ్ కెపాసిటరు పెట్టి, 3కీ 2కీ తగిలించి వినండి. పాట వినిపిస్తే అంకెలు సరైనవే. వినిపించకపోతే 28కీ 29కీ మార్చి చూడండి. బోర్డు తిరగబడి ఉంటే అసలు 3వ పిన్ను అక్కడే దొరుకుతుంది. ఈ పరీక్షలో మనం ఐపాడ్‌లోకి ఏమీ పంపడం లేదు గనుక తప్పు పిన్నును తాకినా ప్రమాదం ఉండదు. అందుకే ఏ బోర్డుతోనైనా మొదట కలపవలసింది ఆడియోను, చివరకు కలపవలసింది కరెంటును.

ఇక ముప్ఫైలో మీకు కావలసినవి ఏవో చెబుతాను. ఆడియోకు 2, 3, 4. చార్జింగుకు 16, 23, 25, 27. ఆర్డుయినోకు 12, 13, 21, వాటికి గ్రౌండుగా 15. అంతే, పదకొండు. మిగతా పంతొమ్మిదింటికీ హెడరు పిన్నులు టంకం వేయకుండా వదిలేయడమే మంచిది. ముఖ్యంగా 19, 20 జోలికి పోవద్దు. అవి ఫైర్‌వైర్ (యూఎస్‌బీ లాంటి పాత ఆపిల్ కేబులు పద్ధతి) కరెంటు పిన్నులు, వాటి మీద 12 వోల్టులు రావచ్చు. వాటికి సరిగ్గా పక్కనే 18వ పిన్ను ఉంటుంది, అది ఐపాడ్ బయటి పరికరాలకు ఇచ్చే 3.3 వోల్టుల సరఫరా. కనెక్టరు దగ్గర ఈ రెంటి మధ్య అర మిల్లీమీటరే ఎడం, సోల్డరు ఒక చుక్క ఎక్కువైతే కలిసిపోతాయి. మీ అయిదో తరం ఐపాడ్ ఫైర్‌వైర్ మీద పాటలు ఎక్కించుకోదు గానీ ఆ పిన్నుల నుంచి చార్జి మాత్రం అవుతుంది. పాత కారు కిట్లు కొన్ని ఇప్పటికీ 12 వోల్టులను అక్కడే ఇస్తాయి కాబట్టి, మధ్యలో కూర్చునే బోర్డుతో అలాంటి కిట్టును ఎప్పుడూ వాడకండి.

యూఎస్‌బీ పిన్నుల దగ్గర కూడా ఇలాంటి చిక్కే ఒకటి ఉంది. 23, 25, 27 అనే బేసి పిన్నులు యూఎస్‌బీవి, వాటి మధ్యలో ఇరికి ఉన్న 22, 24, 26, 28 అనే సరి పిన్నులు ఫైర్‌వైర్ డేటావి. రెండు వ్యవస్థలనూ ఒకే కనెక్టరులో దువ్వెన పళ్ళలా అల్లారన్నమాట. 23 మీది 5 వోల్టులు పక్కకు జారితే ఫైర్‌వైర్ తీగల మీద పడతాయి. కనెక్టరు ఊడి ఉన్న కిట్టు కొని మీరే టంకం వేసుకునే ఆలోచన ఉంటే, సన్నని మొన, మంచి ఫ్లక్స్, సోల్డరును పీల్చే రాగి అల్లిక లేకుండా మొదలుపెట్టకండి. నా సలహా అయితే, కొంచెం ఎక్కువ పెట్టి కనెక్టరు బిగించి ఉన్న బోర్డే కొనుక్కోవడం. టంకం పూర్తయ్యాక పక్కపక్క పిన్నుల ప్రతి జంట మధ్యా కంటిన్యూటీ చూడాలి. ఐపాడ్ తగిలించకుండా ఉత్త బోర్డును కొలిచేటప్పుడు, 1–2, 15–16, 29–30 జంటలను బోర్డులోనే కలిపి ఉంటే తప్ప, ఎక్కడా బీప్ రాకూడదు.

ఇప్పుడు మీ మొదటి చిక్కు. ఫోను చార్జరులో 5 వోల్టులు ఉన్నా ఐపాడ్ వాటిని తీసుకోకపోవడానికి కారణం డేటా తీగలు. ఐపాడ్ ముందు 25, 27 పిన్నుల మీద ఏముందో చూస్తుంది. కంప్యూటరైతే మాట కలుపుతుంది. ఆపిల్ చార్జరైతే ఆ రెండు తీగల మీదా లోపలి రెసిస్టర్లతో నిలకడైన వోల్టేజీలు పెట్టి ఉంచుతుంది. మీ ఫోను చార్జరు లాంటివి చాలావరకు ఆ రెండు తీగలనూ ఒకదానికొకటి కలిపేసి ఊరుకుంటాయి, దాన్ని ఐపాడ్ గుర్తించదు. మీ బోర్డులో 25, 27 అసలు కలపకుండా గాలిలో వదిలి ఉన్నా ఫలితం అదే.

దీనికి అన్నిటికంటే తేలికైన మందు, ఒక యూఎస్‌బీ తీగను కోసి నాలుగు రంగులనూ బోర్డుకు వేసి ఆపిల్ చార్జరునే వాడడం: ఎరుపు 23కు, తెలుపు 25కు, ఆకుపచ్చ 27కు, నలుపు 16కు. చవక తీగల్లో రంగులు ఎప్పుడూ ప్రమాణం ప్రకారం ఉండవు గనుక ఇక్కడ కూడా మల్టీమీటరు చెప్పిందే వేదం. ఆపిల్ చార్జరు దొరకకపోతే రెసిస్టర్లతో మీరే ఆ వోల్టేజీలు పెట్టవచ్చు. ఐపాడ్ 500 మిల్లీ ఆంపియర్లు తీసుకోవడానికి రెండు డేటా పిన్నుల మీదా సుమారు 2 వోల్టులు ఉంటే చాలు. 5 వోల్టుల నుంచి 75 కిలోఓమ్‌లు, అక్కడి నుంచి గ్రౌండుకు 51 కిలోఓమ్‌లు పెడితే మధ్యలో 2.02 వోల్టులు వస్తాయి. 25కు ఒక జత, 27కు ఇంకొక జత విడివిడిగా పెట్టండి. ఒక పిన్ను మీద 2.7 వోల్టులు పెట్టి 1 ఆంపియరు గుంజే ఏర్పాటు కూడా ఉంది గానీ, ఈ ఐపాడ్‌కు దాని అవసరం లేదు. రెసిస్టర్లు పెట్టిన తరువాత మాత్రం ఆ తీగను కంప్యూటరుకు తగిలించకండి, పాటలు ఎక్కించడానికి వేరే మామూలు కేబులు ఉంచుకోండి. హైదరాబాదులో ఉన్నవారికి ఈ విలువలన్నీ కోఠీ గుజరాతీ గల్లీలో దొరికేవే.

రెండోది హమ్. దీని మీద కాస్త ఎక్కువ సేపు నిలబడాలి, ఎందుకంటే ఈ బోర్డులు కొన్నవారిలో చాలామంది ఇక్కడే విసిగిపోయి మానేస్తారు. చార్జింగు కరెంటు 23వ పిన్ను గుండా లోపలికి వెళ్ళి గ్రౌండు గుండా తిరిగి రావాలి. బోర్డు మీద 2, 16 పిన్నులను ఒకే గ్రౌండు పట్టీకి కలిపి, ఆ పట్టీ నుంచే యాంప్లిఫయరుకు తీగ లాగితే, తిరిగి వచ్చే ఆ కరెంటులో కొంత ఆడియో గ్రౌండు తీగలో నడుస్తుంది. సన్నని తీగ నిరోధం 0.1 ఓమ్ అనుకున్నా, అర ఆంపియరు దానిలో నడిస్తే 50 మిల్లీ వోల్టులు పుడతాయి. లైన్ అవుట్ సంకేతం గట్టిగా ఉన్నప్పుడు కూడా సుమారు ఒక వోల్టే. ఆ 50 మిల్లీ వోల్టులు నిలకడగా ఉంటే చెవికి వినిపించవు, కానీ ఐపాడ్ కరెంటు నిలకడగా ఉండదు. హార్డ్ డిస్కు లేచి తిరిగినప్పుడల్లా, తెర వెలిగినప్పుడల్లా అది మారుతుంది. అందులో పదో వంతు ఊగినా 5 మిల్లీ వోల్టులు, అంటే పాట కంటే 46 డెసిబెల్‌లు మాత్రమే తక్కువ. నిశ్శబ్దమైన ఆలాపన దగ్గర అది స్పష్టంగా వినిపిస్తుంది.

కాబట్టి ఆడియో తీగల షీల్డును 2వ పిన్నుకు మాత్రమే, యూఎస్‌బీ నలుపు తీగను 16కు మాత్రమే వేయండి. ఈ రెండూ ఐపాడ్ లోపల ఎలాగూ కలుస్తాయి, బోర్డు మీద మళ్ళీ కలపవద్దు. బోర్డు తయారీదారే అన్ని గ్రౌండులనూ రాగి పూతతో కలిపి ఉంటే, 2వ పిన్ను చుట్టూ ఉన్న పూతను పదునైన కత్తితో గీసి వేరుచేయవచ్చు.

అయినా హమ్ పోకపోతే రెండో కారణం చూడాలి. ఐపాడ్‌ను కంప్యూటరుకు బదులు పవర్ బ్యాంకు నుంచి చార్జి చేసి వినండి. హమ్ మాయమైతే దోషం బోర్డుది కాదు. కంప్యూటరూ యాంప్లిఫయరూ రెండూ మూడు పిన్నుల ప్లగ్గుతో ఎర్తుకు కలిసి ఉంటే, ఆ ఎర్తు దారీ మీ ఆడియో షీల్డూ కలిసి ఒక వలయం అవుతాయి. రెండు పిన్నుల చార్జరైతే ఇంకో రకం: దాని లోపల మెయిన్స్ వైపునూ 5 వోల్టుల వైపునూ కలిపే చిన్న కెపాసిటరు గుండా కొద్దిపాటి కరెంటు కారుతూ ఉంటుంది. చార్జింగులో ఉండగా ఐపాడ్ వెనుక మెరిసే స్టీలు పలక మీద వేలు మెల్లగా రాస్తే సన్నగా జివ్వుమనేది దానివల్లే. ఈ రెండింటికీ ఆడియో దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం ఒక మార్గం, కారు స్టీరియో దుకాణాల్లో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పేరుతో అమ్మేది అదే. అయితే చవకవాటిలో కింది శ్రుతుల బలం తగ్గుతుంది. నేనైతే ఆడియో దారిని ముట్టుకోకుండా, 5 వోల్టుల దారిలోనే గ్రౌండును విడదీసే ఐసొలేటెడ్ డీసీ కన్వర్టరు పెడతాను. యాంప్లిఫయరు ఎర్తు పిన్నును విరిచేయమని సలహా ఇచ్చేవారు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఆ పని మాత్రం చేయకండి.

లైన్ అవుట్ గురించి ఇంకొక్క మాట. ఈ తరం ఐపాడ్‌లో వోల్ఫ్‌సన్ డబ్ల్యూఎం8758 అనే చిప్పు శబ్దాన్ని తయారుచేస్తుంది. 3, 4 పిన్నుల మీద వచ్చేది హెడ్‌ఫోన్ యాంప్లిఫయరు గుండా పోకుండా, ఒకే స్థాయిలో వచ్చే సంకేతం. దాన్ని 10 కిలోఓమ్‌లు లేదా అంతకంటే ఎక్కువ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఉన్న యాంప్లిఫయరుకు ఇవ్వాలి. నేరుగా హెడ్‌ఫోన్‌లు తగిలిస్తే శబ్దం పలచబడుతుంది, దాన్ని తగ్గించే వీలు కూడా ఉండదు.

కొత్త ఐపాడ్‌కు మారితే ఇవన్నీ తప్పుతాయేమో అని కూడా అడిగారు. 2012 సెప్టెంబరులో వచ్చిన లైట్నింగ్ కనెక్టరులో అనలాగ్ లైన్ అవుటే లేదు. ఎనిమిది పిన్నుల్లో కరెంటుకూ గ్రౌండుకూ పోగా మిగతావన్నీ డిజిటల్, పైగా ప్లగ్గులోనే గుర్తింపు చిప్పు ఉండాలి. దానికి అమ్మే బ్రేకౌట్ బోర్డు నుంచి పాట నేరుగా బయటికి రాదు. పాత శాన్‌డిస్క్ సాన్సా ప్లేయర్ల కనెక్టరు కూడా 30 పిన్నులతో ఇలాగే కనిపిస్తుంది గానీ లోపలి అమరిక వేరు, ఒకదాని బోర్డు ఇంకొకదానికి పనికిరాదు.

ఇక ఆర్డుయినో. ఐపాడ్ 12వ పిన్ను మీద పంపుతుంది, 13వ పిన్ను మీద వింటుంది. కాబట్టి ఆర్డుయినో పంపే తీగ 13కు రావాలి. పట్టికల్లో ఈ పేర్లు ఐపాడ్ వైపు నుంచి రాసి ఉంటాయి, మీ వైరింగులో ఇవి తారుమారయ్యాయేమో ముందుగా చూడండి. ఐపాడ్ తీగలు 3.3 వోల్టులవి, ఆర్డుయినో ఊనో 5 వోల్టులది. ఊనో పంపే తీగకు వరుసలో 1.8 కిలోఓమ్‌లు, 13వ పిన్ను దగ్గర నుంచి గ్రౌండుకు 3.3 కిలోఓమ్‌లు పెడితే 3.24 వోల్టులకు దిగుతుంది. తిరుగు తీగకు ఏమీ అక్కరలేదు గానీ, ఊనోకు 3 వోల్టులు దాటితేనే అది ఒకటిగా లెక్క, అంటే మిగులు చాలా తక్కువ. మొదటి నుంచి మొదలుపెట్టేవారైతే 3.3 వోల్టుల బోర్డు కొనడం మేలు. ఆర్డుయినోకు కరెంటు 18వ పిన్ను నుంచి తీసుకోవద్దు, అది కొద్దిపాటి కరెంటుకే ఉద్దేశించినది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఐపాడ్ పలకకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం 21వ పిన్ను. దానికీ గ్రౌండుకూ మధ్య ఉన్న రెసిస్టరు విలువను చూసి, తగిలించిన పరికరం ఏ రకమో ఐపాడ్ తేల్చుకుంటుంది. సీరియల్ సంభాషణకు, అంటే 12, 13 పిన్నుల మీద ఒక్కొక్క బిట్టుగా సాగే ఈ మాటల మార్పిడికి, ఔత్సాహికులు వాడేది సుమారు 500 కిలోఓమ్‌లు. ఒక మెగాఓమ్ రెసిస్టర్లు రెండింటిని సమాంతరంగా (ప్యారలల్‌గా) కలిపితే సరిగ్గా అంత వస్తుంది. ఒకే ఒక్క మెగాఓమ్ పెడితే ఐపాడ్ దాన్ని కారు అడాప్టరుగా భావించి, బయటి కరెంటు పోగానే ఆగిపోతుంది. అది మీకు పనికివచ్చే గుణమే గానీ, ఒక పిన్నుకు ఒక పాత్రే ఇవ్వగలం.

వేగం 19200, ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. ప్రతి ప్యాకెట్టూ పదహారు ఆధారంగా (హెక్సాడెసిమల్‌లో) రాస్తే ఎఫ్‌ఎఫ్, 55 అనే రెండు బైట్లతో మొదలవుతుంది. తరువాత పొడవు, మోడ్, ఆదేశం, చివర ప్యాకెట్టు తప్పు లేకుండా చేరిందో లేదో చూసే చెక్‌సమ్. ముందు ఐపాడ్‌ను మామూలు రిమోట్ మోడ్‌లోకి తీసుకురావడానికి ఎఫ్‌ఎఫ్ 55 03 00 01 02 ఎఫ్‌ఏ పంపాలి. ప్లే, పాజ్ బటనుకు ఎఫ్‌ఎఫ్ 55 03 02 00 01 ఎఫ్‌ఏ. చెక్‌సమ్ లెక్క తేలికే: మొదటి రెండు బైట్లను వదిలేసి మిగతావి కూడి, 256లో నుంచి తీసివేయాలి. ఇక్కడ 3, 2, 0, 1 కలిపితే 6, 256లో నుంచి 6 తీస్తే 250, అదే ఎఫ్‌ఏ. తరువాతి పాటకు ఆదేశం 00 08, చెక్‌సమ్ ఎఫ్3. వెనకటి పాటకు 00 10, చెక్‌సమ్ ఈబీ. ప్రతి ఆదేశం వెంటా బటను వదిలేసినట్టు చెప్పే ఎఫ్‌ఎఫ్ 55 03 02 00 00 ఎఫ్‌బీ పంపకపోతే, మీరు ఇంకా నొక్కి పట్టుకున్నారనుకుని ఐపాడ్ పాటను ముందుకు పరిగెత్తిస్తూనే ఉంటుంది. ఊనోలో ఉన్న ఒకే హార్డ్‌వేర్ సీరియల్‌ను యూఎస్‌బీ కూడా వాడుకుంటుంది గనుక ఐపాడ్ తీగలను వేరే పిన్నులకు మార్చి సాఫ్ట్‌వేర్ సీరియల్ వాడండి. ఈ వేగానికి అది చక్కగా సరిపోతుంది.

వాల్యూమ్ పెంచడానికి 00 02, తగ్గించడానికి 00 04 ఆదేశాలు కూడా ఉన్నాయి. అవి మారుస్తున్నది హెడ్‌ఫోన్ శబ్దాన్ని, మీరు వింటున్నది లైన్ అవుట్‌ను. కాబట్టి ఆ రెండు బటన్లూ మీ పెట్టె మీద పెట్టినా యాంప్లిఫయరులో ఏ మార్పూ వినిపించదు. ఆ చోటు మిగుల్చుకుని, వాల్యూమ్ పనిని యాంప్లిఫయరు నాబ్‌కే వదిలేయండి.